తిన్నాక వేసుకోవాల్సిన మాత్రలు

నేను ఎవరి మాటా ఓ పట్టాన నమ్మను. పాలవాడు నీళ్ళు కలపలేదంటే నమ్మను. కూరగాయలమ్మి వంకాయలు పొద్దున్నే కోసినవంటే ఒకటి విరిచి చూస్తాను. మనవరాలు చదువుకున్నానంటే పుస్తకం తెరిపించి నాలుగు ప్రశ్నలు అడుగుతాను. "నీతో కాపురం పోలీసు స్టేషన్లో ఉన్నట్టుంటుంది" అని మా ఆయన వచ్చిన వాళ్ళందరి దగ్గరా వాపోతుంటారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ ఈ గుణం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగం నేర్పింది.

నూజివీడు చుట్టుపక్కల పల్లెల్లో ఏఎన్ఎంగా తిరిగి తిరిగి, చివరికి హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. ఎప్పుడు చేరాను, ఎక్కడికి బదిలీ చేశారు, ఏ ఆఫీసరు ఏ శాలువా కప్పాడు అన్నవి రాయను. అవి చదవడం నాకే విసుగు. మొన్న మా వీధిలోకి కొత్తగా ఏఎన్ఎం ఉద్యోగంలో చేరిన అమ్మాయి ఒకతె వచ్చింది. గుమ్మంలో నిలబడి, "బీపీ ఉందా అండీ, షుగర్ ఉందా అండీ, మందులు వేసుకుంటున్నారా అండీ" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే ట్యాబులో అవునని నొక్కేసుకుంది. లోపలికి పిలిచి, మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాను. మజ్జిగ తాగిన పాపానికి ఆ పిల్ల ఇదంతా వినాల్సి వచ్చింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

"ఆ" అనిపించుకునే ప్రశ్న అడక్కు

నాకు పని నేర్పింది రత్నకుమారి గారు. అప్పట్లో చాట్రాయి వైపు హెల్త్ విజిటర్‌గా ఉండేవారు. పొట్టి మనిషి, నడక మాత్రం చాలా జోరు. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఓ బాలింత ఇంటికి తీసుకెళ్ళారు. నేను వెళ్ళగానే, "ఏమ్మా, పాలు తాగుతున్నావా, పప్పు తింటున్నావా, మాత్రలు వేసుకుంటున్నావా" అని వరసగా అడిగాను. ఆ అమ్మాయి అన్నిటికీ "ఆ, ఆ" అంది. నేను సంతోషంగా రాసుకున్నాను.

బయటికి వచ్చాక రత్నకుమారి గారు నన్ను చూసి నవ్వారు. "ఏం తెలిసింది నీకు?" అన్నారు.

"అన్నీ తింటోందండి."

"ఆ పిల్లకి చెవుడని చెప్పినా నమ్ముతాను గానీ, అన్నీ తింటోందంటే నమ్మను. 'ఆ' అనిపించుకునే ప్రశ్న ఎప్పుడూ అడక్కు సత్యవతీ. మనూళ్ళల్లో అన్నం తిన్నావా అని అడిగితే, తినని వాడు కూడా తిన్నాననే అంటాడు. లేదంటే నువ్వు పెట్టాల్సొస్తుందని వాడి మొహమాటం."

మళ్ళీ లోపలికి తీసుకెళ్ళారు. ఈసారి ఆవిడ బాలింతను ఏమీ అడగలేదు. పెరట్లో అంట్లు తోముతున్న అత్తగారి పక్కన కూర్చుని, నిన్న ఏం కూర, మొన్న ఏం కూర, చింతపండు ఎవరింట్లోది, పప్పు ఏ కొట్లో బాగుంటుంది అని కబుర్లు పెట్టారు. ఆ కబుర్లలో తేలింది ఏమిటంటే, ఆ ఇంట్లో పప్పు ఉడికి చాలా రోజులైంది. బాలింత తింటున్నది కారప్పొడి, నెయ్యి లేని అన్నం.

మందు ఎలా ఇవ్వాలో, సూది ఎక్కడ గుచ్చాలో పుస్తకంలో ఉంటుంది. ఎవరిని ఏ మాట ఎలా అడగాలో ఏ పుస్తకంలోనూ లేదు. నా సర్వీసులో జరిగిన మంచైనా చెడైనా చాలావరకు అడగడంలోనే జరిగింది.

బియ్యం ఉన్నాయి కదా

ఒకప్పుడు లేమి మొహాన కనిపించేది. ఎముకలు తేలిన పిల్లలు, రంగు వెలిసిన జుట్టు. చూడగానే తెలిసేది. ఇప్పుడు కనిపించదు. చేతిలో ఫోను ఉంటుంది, గోడకు టీవీ ఉంటుంది, ఇంట్లో రేషను బియ్యం ఉంటాయి. మీటింగుల్లో పై ఆఫీసర్లు, "బియ్యం ఇస్తున్నాం కదమ్మా, ఇంకా ఆకలెక్కడుంది" అనేవారు. వాళ్ళని కూడా నేను నమ్మేదాన్ని కాదు. బియ్యం ఉంటే పొట్ట నిండుతుంది, నిజమే. ఇద్దరు మనుషుల రేషను కష్టం చేసే ఒంటికి నెలాఖరు దాకా రాదు, అదీ నిజమే. పైగా ఆ అన్నంలోకి ఏం కలుపుకుంటున్నారని ఎవరూ అడగరు.

ధరలు పెరిగినప్పుడు ఇళ్ళల్లో ఏది ముందు తగ్గుతుందో నేను చూస్తూ వచ్చాను. మొదట కందిపప్పు పలచబడుతుంది. తర్వాత గుడ్డు మగవాళ్ళ కంచానికే పరిమితమవుతుంది. తర్వాత గ్యాసు ఆదా చేయాలని పొయ్యి రోజుకు ఒక్కసారే వెలుగుతుంది. మామిడి తోటల్లో ఎండు కొమ్మలు ఇదివరకు కూలివాళ్ళు మోపులు కట్టుకుని తెచ్చుకునేవారు. ఇప్పుడు వాటిని ఇటుక బట్టీలకు అమ్ముతున్నారు, కాబట్టి కట్టెల పొయ్యీ లేదు. ఆ తర్వాత ఆసుపత్రికి రావడం తగ్గుతుంది. మందులు ఊరికే ఇస్తారు గానీ, వాటి కోసం వస్తే ఆ పూట కూలి పోతుంది, ఆటో కూడా ఎక్కాలి. అన్నిటికంటే చివర నిద్ర తగ్గుతుంది. నిద్ర పట్టడం లేదని వచ్చిన ఆడవాళ్ళకి నేను మాత్రలిప్పించడం మానేసి, ఇంటికెళ్ళి వంటింట్లోకి తొంగి చూడటం మొదలుపెట్టింది అందుకే.

ఇది కూలివాళ్ళ సంగతే అనుకోకండి. నూజివీడులో మాకు తెలిసిన కిరాణా వ్యాపారి ఒకాయన ఉండేవారు. కొట్టు నిండా పప్పుల బస్తాలు, గల్లాపెట్టె వెనక గంధం బొట్టుతో ఆయన. బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకునేవారు. అడిగితే, "రోజూ వేసుకుంటే ఒంటికి అలవాటైపోద్దండి" అనేవారు. నేను నమ్మలేదు. బేరం పడిపోయింది, బస్తాలు కొనేవాళ్ళు పొట్లాలు కొంటున్నారు, ఆయన ఆ మాట ఇంట్లో చెప్పుకోలేక మాత్రల దగ్గర పొదుపు మొదలుపెట్టారు. ఉచితంగా వచ్చే మాత్రల కోసం కూలివాళ్ళతో పాటు వరసలో నిలబడటానికి ఆయనకు నామోషీ. పేదవాడైతే కనీసం వరసలోనైనా నిలబడతాడు.

అడగ్గానే ఒప్పుకుంది

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేను రిటైరవడానికి కొంచెం ముందు జరిగింది.

ముసునూరు దగ్గర పల్లెలో నాగమణి అని ఒకామె. నలభై దాటిన మనిషి. మామిడి తోటల్లో కాయలు ఏరి, సైజుల వారీగా ట్రేలలో సర్దే పనికి వెళ్ళేది. భర్త ఏడుకొండలు చెట్లెక్కి కాయ కోస్తాడు. కూతురికి పెళ్ళి చేసి పంపేశారు, ఇంట్లో ఇద్దరే. నాగమణికి షుగర్ ఉంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అన్నం తిన్నాక వేసుకోవాల్సిన మాత్రలు మేమే ఇచ్చేవాళ్ళం. శీతాకాలమంతా షుగరు అదుపులోనే ఉండేది. ఆ ఏడు ఎండాకాలంలో పరీక్ష చేస్తే బాగా పెరిగి ఉంది.

మా మామిడి సీమలో డాక్టర్లకు, నర్సులకు, ఆ మాటకొస్తే అందరికీ ఒక గుడ్డి అలవాటు ఉంది. ఎండాకాలంలో ఎవరికి షుగరు పెరిగినా మామిడిపండు మీదికి తోసేస్తాం. ఇంక ఆలోచించం. మా డాక్టరు సుధీర గారు చిన్న వయసు, మంచి మనిషి. బయట వరండా నిండా జనం ఉన్నారు. కాగితం చూసి తలెత్తకుండానే అడిగారు.

"పండ్లు తింటున్నావు కదూ?"

"అవునండి," అంది నాగమణి.

"రోజూనా?"

"రోజూ తింటున్నానండి. నోరు కట్టుకోలేకపోతున్నాను."

నేను పక్కనే ఉన్నాను. ఆ జవాబు వినగానే నా చెవి నిక్కబొడుచుకుంది. నా సర్వీసు మొత్తంలో షుగర్ మనిషి ఎవరూ అడగ్గానే ఒప్పుకోలేదు. "ఒక్క ముక్క నాలిక మీద పెట్టుకున్నానండి" అంటారు, "మనవడు తింటుంటే చూశానండి" అంటారు. మామిడి పీచు పళ్ళ సందుల్లో ఇరుక్కుని ఉన్నా తినలేదనే అంటారు. అడగ్గానే ఒప్పుకున్నారంటే అది అబద్ధమై ఉండాలి. పైగా పొద్దస్తమానం కాయల సొన చేతులకంటి, ఆ వాసనలోనే ఉండే ఆడవాళ్ళు పండు మొహం చూడటానికి ఇష్టపడరు. నాకు తెలుసు.

నాగమణి బయటికి వెళ్ళాక ఆ మాటే డాక్టరు గారితో అన్నాను. "ఈవిడ పండ్లు తింటోందంటే నాకు నమ్మకంగా లేదండీ."

"ఆవిడే ఒప్పుకుంది కదా సత్యవతి గారూ, మీకింకా అనుమానమేంటండీ," అన్నారు ఆవిడ. నవ్వుతూనే అన్నారు.

ఉన్న మాత్రలకు తోడు ఇంకో మాత్ర కలిపారు. ఈ కొత్తది పొద్దున్నే టిఫినుకు ముందు వేసుకోవాలి, గట్టి మందు. నాగమణిని మళ్ళీ పిలిచి, మందులు సరిగ్గా వేసుకోకపోతే కాళ్ళకి పుండ్లు పడి కాళ్ళు తీసెయ్యాల్సొస్తుందని గట్టిగా భయపెట్టి పంపారు. భయపెట్టడం మా వృత్తిలో అందరూ చేసేదే, ఆవిడ ఒక్కరి తప్పని అనను.

రెండు మూడు రోజులాగి నాగమణి ఇంటికి వెళ్ళాను. అద్దం పక్కన గూట్లో పాత మాత్రల అట్టలు ఉన్నాయి. అయిపోవాల్సిన మాత్రలు సగం పైగా అలాగే ఉన్నాయి. నా అనుమానానికి రెక్కలొచ్చాయి. హనుమాన్ జంక్షన్లో ఒకాయన షుగరుకు ఆకు పసరు పోస్తున్నాడని అప్పుడు ఊళ్ళన్నీ ఒకటే మాట. పొలోమని ఆటోలు కట్టించుకుని వెళ్తున్నారు. ఈమె కూడా అక్కడికే పోతోందని నా లెక్క.

"పసరు తాగుతున్నావా?"

"లేదండి."

"మరి ఈ మాత్రలెందుకు మిగిలాయి?"

"మర్చిపోయానండి."

"ఇన్నా?"

ఆమె కొంగుతో అద్దం తుడుస్తూ నిలబడింది. నేను ఎంత గుచ్చి గుచ్చి అడిగినా పెదవి విప్పలేదు. చివరికి, "ఇక నుంచి ఒక్కటి కూడా మాననండి, కాళ్ళు పోతాయన్నారు కదా డాక్టరమ్మగారు" అంది. పసరు సంగతి దాస్తోందనుకుంటూ వచ్చేశాను. ఏదో దాస్తోందన్నంతవరకు నా అనుమానం నిజమే. దాస్తున్నది పసరు కాదు.

తోటలో

కొత్త మాత్ర మొదలుపెట్టాక కొద్ది రోజులకే, ఓ ఉదయం ఎండ ముదురుతుండగా కోత మేస్త్రి బండి మీద మా సబ్ సెంటరుకు వచ్చాడు. "నాగమణికి వడదెబ్బ తగిలిందండి, తోటలో పడిపోయింది" అన్నాడు. సంచీ తీసుకుని అతని వెనకే ఎక్కాను.

చెట్టు కింద పడుకోబెట్టారు. చుట్టూ ట్రేలు, సగం సర్దిన కాయలు. ఆడవాళ్ళు నీళ్ళు చల్లుతున్నారు, ఒకామె తాటాకు విసనకర్రతో విసురుతోంది. ఎవరో గాలి సోకిందంటున్నారు. నుదుటి మీద చెయ్యి వేశాను. వడదెబ్బయితే ఒళ్ళు పొయ్యిలా కాలాలి. ఈమె ఒళ్ళు చల్లగా, చెమటతో ముద్దయి ఉంది. చేతులు వణుకుతున్నాయి. కళ్ళు తెరుస్తోంది, మూస్తోంది, పిలిస్తే సగం పలుకుతోంది. వేలు గుచ్చి గ్లూకోమీటరులో చూశాను. షుగరు పెరగడం కాదు, అడుగంటిపోయి ఉంది. ఇంకాసేపు అలాగే ఉంటే మనిషి దక్కదు.

"తీపి ఏదన్నా ఉందా? పంచదార, బెల్లం, ఏదైనా," అన్నాను.

ఎవరూ కదల్లేదు. నాగమణి తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పార్వతి, రోజూ ఆమెతో పాటు పనికొచ్చే మనిషి, నన్ను ఎగాదిగా చూసింది.

"ఆవిడకి షుగరండీ నర్సమ్మగారూ."

"తెలుసు, తీపి కావాలి."

"ఇందాక ఆ ట్రేలు మోసే అబ్బాయి కూల్‌డ్రింకు తెచ్చి పట్టబోతే నేనే తోసేశానండి, అంతా ఒలికిపోయింది. షుగర్ మనిషికి తీపి తగలనివ్వొద్దని మీరే కదండీ మాకు మీటింగు పెట్టి చెప్పారు."

అవును, మేమే చెప్పాం. ఊరూరా చెప్పాం, పాటలు కట్టి మరీ చెప్పాం. ఫలితం ఏమిటంటే, టన్నుల కొద్దీ మామిడి మధ్యలో, తీపి లేక మనిషి ప్రాణం పోతుంటే, ప్రాణానికి ప్రాణమైన స్నేహితురాలు కాపలా కాసి మరీ తీపిని దూరం పెట్టింది. ఆమెను ఏమనగలను. మేస్త్రిని పంచదార కోసం తోట కాపలా గుడిసెకు తరిమి, చెట్టున పండి రాలిన చిన్న రసం పండు ఒకటి తీసుకుని మెత్తగా పిసికి, మొన కొరికి, నాగమణిని లేపి కూర్చోబెట్టి, మింగుతోందని చూసుకుంటూ కొంచెం కొంచెంగా నోట్లో పిండాను. పార్వతి మొహం చూస్తే నేను విషం పెడుతున్నాననుకుంటోందని తెలుస్తోంది. తర్వాత పంచదార నీళ్ళు వచ్చాయి, అవి పట్టించాను.

కాసేపటికి నాగమణి కళ్ళు నిలబడ్డాయి. నాలికతో పెదవి తడుముకుంది. గడ్డం మీద రసం కారి ఉంది. ఆ రుచి తెలియగానే బెదిరిపోయి నా చెయ్యి పట్టుకుంది.

"నేను పండు తినలేదండి. ఒట్టండి, నేను తినలేదు."

ఆసుపత్రిలో అడగ్గానే ఒప్పుకున్న మనిషి, ఇప్పుడు ఎవరూ అడక్కుండానే కాదంటోంది. ఈసారి నమ్మాను. అంబులెన్సులో నూజివీడు తీసుకెళ్ళే దారంతా ఆమె చెయ్యి వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది కూడా, చెప్పడానికి సిగ్గేం లేదు.

ఎందుకు ఒప్పుకున్నావు

ఆ సాయంత్రం సెలైను ఎక్కుతుండగా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఏడుకొండలు అప్పటికి ఇంకా రాలేదు, దూరపు తోటలో కోతకు వెళ్ళాడు. గుచ్చి గుచ్చి అడగడం మానేసి, రత్నకుమారి గారి పద్ధతిలో, "నిన్న రాత్రి ఏం వండావు?" అన్నాను.

"టమాటా పులుసండి."

"నువ్వెంత తిన్నావు?"

గోడ వైపు తిరిగి చెప్పింది. ఆ ఏడు పూత రాలిపోయి కాపు తగ్గింది, కోత పని కూడా తగ్గింది. కొట్లో మాత్రం అన్నిటి ధరా ఎక్కింది. పొయ్యి సాయంత్రం ఒక్కసారే వెలిగిస్తోంది. వండింది ముందు ఏడుకొండలు తినాలి. మిగిలిన దాంట్లో పొద్దున్నే అతనికి చద్దన్నం, ఆ తర్వాత మధ్యాహ్నానికి క్యారేజీ. అందులోంచి తను పట్టుకెళ్ళే నాలుగు ముద్దలే ఆమెకు ఒక్క పూట తిండి.

చెట్లెక్కే వాళ్ళ ఇళ్ళల్లో ఇది కట్టుబాటు. ఎక్కేవాడు కడుపు నిండా తిని ఎక్కాలి. ఖాళీ కడుపుతో ఎక్కితే కొమ్మ మీద కళ్ళు తిరుగుతాయి. నాగమణి తమ్ముడు అలాగే పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. మంచంలోనే ఉన్నాడు. అందుకని ఆమె భర్త కంచంలో ఏ లోటూ రానిచ్చేది కాదు. తను తర్వాత తింటానని చెప్పేది. అతను నమ్మి పడుకునేవాడు.

"మరి మాత్రలు?"

"తిన్నాకే వేసుకోమన్నారు కదండీ. తిననప్పుడు వేసుకోలేదు."

మాత్రలు ఎందుకు మిగిలాయో అప్పుడు అర్థమైంది. మేం చెప్పిన మాటను ఆమె తు.చ. తప్పకుండా పాటించింది. షుగరు పెరిగింది. మేం మందు పెంచాం. కాళ్ళు పోతాయన్న భయంతో తిన్నా తినకపోయినా అన్ని మాత్రలూ వేసుకోవడం మొదలుపెట్టింది, ఖాళీ కడుపున పడ్డ గట్టి మందుకు ఉన్న షుగరూ పడిపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే జరిగింది.

"పండ్లు తింటున్నానని ఎందుకు ఒప్పుకున్నావు మరి?"

"ఏం చెప్పమంటారండి. అంతమంది ముందు ఇంట్లో తిండి చాలట్లేదని చెప్పనా? మా ఆయన పరువేం కావాలి? పండ్లు తిన్నానంటే తిట్టి ఊరుకుంటారు కదండీ."

తినడానికి లేదని చెప్పుకోవడం కంటే తినకూడనిది తిన్నానని చెప్పుకోవడం ఆమెకు గౌరవంగా తోచింది. ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. రోగి మీ దగ్గర నేరం ఒప్పుకుంటే, దాని వెనక ఒప్పుకోలేనిది ఇంకోటుందేమో చూడండి.

సుధీర గారు మర్నాడు స్వయంగా వచ్చి చూశారు. సంగతంతా విని కొత్త మాత్ర తీసేశారు, పాత పద్ధతిలో తిన్నాక రెండు పూటలా వేసుకోమన్నారు. ఆ రోజు నుంచి ఆవిడ ఓపీలో రోగి మొహం చూసి, నిన్న ఏం వండారని అడగడం నేను విన్నాను. తెలియక చేసినది తెలిశాక మానుకున్న డాక్టర్లు నాకు ఎక్కువమంది తగల్లేదు. అందుకే ఆవిడంటే నాకు గౌరవం.

ఏడుకొండలుకు చెప్పాల్సిన పని నా మీద పడింది. చెప్పొద్దని నాగమణి బతిమాలింది. నేను వినలేదు. వార్డు బయట బెంచీ మీద కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. ఎండకి నల్లబడిన మనిషి, చేతుల నిండా సొన కాల్చిన మచ్చలు. తల దించుకుని విన్నాడు.

"తర్వాత తింటానంటే తింటందనుకున్నానండి," అన్నాడు. "అంటే ఇన్నాళ్ళూ దాని కూడు కూడా నేనే తిన్నానన్నమాట."

"ఇక నుంచి ఇద్దరూ కలిసి కూర్చుని తినండి. నీ కళ్ళ ముందు తినాలి."

"అలాగేనండి," అన్నాడు.

సాయంత్రం పూట

అలాగేనండి అన్న మాటను నేను నమ్ముతానా. వారం తిరక్కుండా, ముందు చెప్పకుండా, సరిగ్గా వాళ్ళు తినే వేళకు వెళ్ళాను. కొత్తగా వచ్చే అమ్మాయిలకు ఇది కూడా చెప్తున్నాను. చెప్పి వెళ్తే మీకు కనిపించేది మీ కోసం సర్దిన ఇల్లు. చెప్పకుండా వెళ్ళండి. తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి.

పొద్దుగూకుతోంది. ఇద్దరూ నట్టింట్లో ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. రెండు కంచాలు. రెండిట్లోనూ అన్నం సమానంగా ఉంది, పప్పు ఉంది, చెరో గుడ్డు ఉంది. నాగమణి మొహం తేటగా ఉంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. ముద్ద కలుపుకుని తింటుంటే చూస్తూ కూర్చున్నాను. తిన్నాక నా ఎదుటే మాత్ర వేసుకుంది. ఏడుకొండలు నా వైపు చూశాడు, చూశారా అన్నట్టు.

అక్కడితో లేచి వచ్చేస్తే బాగుండేది. నా ముక్కూ కళ్ళూ ఊరుకోవు కదా. లేచి వంటింట్లోకి వెళ్ళి అన్నం గిన్నె మీద మూత తీశాను. అడుగున ఒక్క మెతుకు లేదు. పక్కన పప్పు గిన్నె కూడా ఊడ్చేసి ఉంది. బియ్యం డబ్బా తెరిచాను. దాని సంగతీ అంతే.

"అమ్మగారికి నమ్మకం లేదు," అని నాగమణి నవ్వబోయింది.

"పొద్దున్నకి ఏముంది?" అన్నాను.

ఇద్దరూ కంచాల్లోకి చూశారు. పొద్దున చద్దన్నానికి మిగల్చాల్సింది ఇద్దరి కంచాల్లోకి వచ్చేసిందని నాకు తెలిసిపోయింది. ఆమె పొద్దుటి మాత్ర సంగతి అడగబోయాను. అంతలో అంతకంటే పెద్ద సంగతి ఒకటి గుర్తొచ్చి, మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ఏడుకొండలూ, రేపు కోత ఉందా?"

"ఉందండి. తెల్లారేసరికి తోటలో ఉండాలి."

"చెట్టెవరెక్కుతారు?"

నాగమణి చప్పున తలెత్తి అతని వైపు చూసింది. అతను కంచంలో మిగిలిన చివరి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"నేనే కదండీ," అన్నాడు.